ఏతము నుండి రాకరు వఱకు

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాటను దొర కథ మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ కాలువల నీరు పల్లపు చేలకు తానే పాఱెను. మెరకకు ఎక్కింపవలెనన్న ఏతమే దిక్కయ్యెను. నిలువు స్తంభముపై అడ్డముగా ఒక మ్రాను, దానిపై ముందునకు వెనుకకు నడచు మనిషి. ఒక కొన దిగిన రెండవది లేచును. ఏతము నెఱిగిన పెద్దలకు మోటారు ఇంజనులోని రాకరు కొత్త వస్తువు కాదని నా అభిప్రాయము.

ఇంగ్లండులో డడ్లీ సమీపమున 1712లో థామస్ న్యూకొమెన్ గని నీరు తోడుటకు నిలిపిన ఆవిరి యంత్రములోను ఇట్టి దూలమే యుండెను. ఒక కొన సిలిండరువైపు దిగగా రెండవ కొన పంపు కడ్డీని ఎత్తెడిది. ఆయన మన ఏతమును చూచెనని నేననను. నీరు తోడవలసిన మనిషికి ఎక్కడనైనను తట్టు ఉపాయమది.

తొలినాటి కార్లు పెక్కింటిలో వాల్వులు సిలిండరు ప్రక్కన నుండగా, క్యాము వానిని క్రిందినుండియే నెట్టెడిది. రాకరుతో పని లేకుండెను. అమెరికాలో బ్యూయిక్ కంపెనీ 1904 నాటి కారులో వాల్వులను సిలిండరు నెత్తిపై అమర్చెను. క్యాము మాత్రము క్రిందనే యుండెను. పుష్‌రాడ్డు పైకి పొడుచును, వాల్వు క్రిందికి దిగవలెను. ఆ త్రిప్పుటకే నడుమ ఏతమువంటి రాకరు. మన అంబాసిడరు కారు సైతము మొదట ప్రక్క వాల్వులతోనే వచ్చి, 1959లో పై వాల్వుల ఇంజనును పొందెను. 2014లో దాని తయారీ ఆగినది.

ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఎనిమిది రాకర్లు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క రాకరు 1500 మార్లు ఊగును.

రాకరు మొనకు, వాల్వు తలకు నడుమ సన్నని సందు ఉండవలెను. సందు ఎక్కువైన టకటక చప్పుడగును. ఆ చప్పుడు వినరాకూడదని సందును పూర్తిగా బిగించువారిని నేను చూచితిని. ఇది మిక్కిలి కీడు. వేడికి వాల్వు కాడ సాగును. సందు లేనిచో వాల్వు తన పీటపై పూర్తిగా కూర్చుండదు. కూర్చున్నప్పుడే దాని వేడి పీటలోనికి దిగును గనుక, కూర్చుండని వాల్వు అంచు కాలిపోవును. చప్పుడు చేయు రాకరు ముందుగా హెచ్చరించును. బిగిసినది రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు దారిలో బండిని బలహీనపఱచును.

సందు సరిచూచుటకు మెకానిక్కులలో తొమ్మిది లెక్క కలదు. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెఱచియున్నప్పుడు ఒకటవదానిని, ఆఱవది తెఱచియున్నప్పుడు మూడవదానిని చూడవలెను. రెండంకెల మొత్తము తొమ్మిది. ఎంత సందో ఆ బండి పుస్తకములో నుండును. వేడిగా చూడవలెనో చల్లగా చూడవలెనో కూడ అందే చూడుడు. రాకరు మొన అరిగి గుంటపడినచో ఫీలరు గేజి రేకు గుంటపై వంతెనవలె నిలిచి కొలతను తక్కువ చూపును. అట్టి రాకరును మార్చుటయే మేలు.

ఇక నూనె. బండి ఇరుసునకు కందెన యెట్లో రాకరు షాఫ్టునకు నూనె అట్లు. షాఫ్టు గొట్టము, దాని చిల్లులనుండి నూనె రాకర్లకు చేరును. పాతనూనె మడ్డి పట్టిన చిల్లులు మూసికొనును, షాఫ్టు అడుగుప్రక్క అరుగును. మూత తీసి, ఇంజనును మెల్లగా నడిపించి, ఎనిమిదింటికిని నూనె చేరుచున్నదో లేదో కంటితో చూడుడు.