మన సంఘం మెటాడోర్ వ్యాను, దాని కిటికీ రబ్బరు



మన ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి ఉన్న మెటాడోర్ వ్యానును పాత ఇనుముకు వేసేద్దామని పోయిన కమిటీ మీటింగులో మాట వచ్చింది. కారణం అందరికీ తెలిసిందే. వాన పడితే కిటికీల్లోంచి లోపలికి నీళ్ళు కారుతున్నాయి. సీట్లు తడిసి, అడుగు రేకు తుప్పు పట్టింది. బీరువాలో చోటు లేక అందులో పెట్టిన ఆదివారం తెలుగు తరగతి హాజరు పుస్తకాలు రెండు కూడా తడిసిపోయాయి. మన పిల్లల పేర్లు తెలుగు అక్షరాల్లో మొదట రాసింది ఆ పుస్తకాల్లోనే. ఇది మాకు చాలా బాధ కలిగించింది. అమ్మే ముందు ఒకసారి చూద్దామని రిటైరైనవాళ్ళం నలుగురం మూడు ఆదివారాలు ఆ బండి దగ్గరే కూర్చున్నాం. తెలుసుకున్నది రాస్తున్నాం.

మొదట బండి చరిత్ర. మెటాడోర్ పుట్టిల్లు జర్మనీ. హాంబర్గ్ ఊరి విడాల్ అండ్ సోన్ కంపెనీ టెంపో అనే పేరుతో బండ్లు చేసేది. వాళ్ళ మెటాడోర్ 1949లో వచ్చింది. మన దేశంలో బజాజ్ టెంపో వాళ్ళు 1969లో మెటాడోర్ తయారీ మొదలుపెట్టారు. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఒకప్పుడు స్కూలు వ్యాను అన్నా, అంబులెన్స్ అన్నా ఊళ్ళో ఎక్కువగా కనిపించింది ఈ బండే. మన సంఘం దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నది. పెరంబూరు రైల్వే క్వార్టర్స్ పిల్లలను తెలుగు తరగతికి తెచ్చింది ఇదే. పెళ్ళిళ్ళకు వంటపాత్రలు మోసిందీ ఇదే, చావు ఇంటికి మనవాళ్ళను చేర్చిందీ ఇదే.

ఇక రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిగుసుకుపోతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే నిలకడగా ఉంటుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకు తెచ్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సిలోనుకు, మలయాకు వెళ్ళాయి. మన దేశంలో వ్యాపారం కోసం రబ్బరు తోట 1902లో కేరళలో పెరియార్ ఒడ్డున తట్టేకాడులో మొదలైంది. గంధకం కలిపినా రబ్బరుకు వయసు ఉంది. ఎండ, గాలిలోని ఓజోను దాన్ని పగలగొడతాయి. రైల్వే స్టోర్సులో గుమాస్తా పని చేసినవాళ్ళం కనుక ఇది మాకు తెలుసు. రబ్బరు సామాను అలమరలో ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. అందుకే తేదీ చూసి పాత సరుకు ముందు ఇచ్చేవాళ్ళం. ఇప్పటి కార్లకు వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఎండను ఎక్కువ తట్టుకుంటుంది.

మన వ్యాను రబ్బరు పగిలిందనేది నిజమే. కానీ అసలు తప్పు అది కాదు. పక్కకు జరిపే అద్దం ఒక ఛానల్‌లో నడుస్తుంది. లోపల వెల్వెట్ లాంటి గుడ్డ అంటించిన రబ్బరు ఉంటుంది. అద్దం జరగాలంటే కొంచెం సందు ఉండి తీరాలి, ఆ సందులో నీళ్ళు దిగుతాయి. దిగిన నీళ్ళు బయటికి పోవడానికి ఛానల్ అడుగున చిన్న రంధ్రాలు పెట్టారు. మేము ఛానల్ గీకుతుంటే పుట్టీ మూడు రంగుల్లో, పొర మీద పొర వచ్చింది. కారినప్పుడల్లా ఒక్కో కమిటీ బయట పుట్టీ పూసి రంధ్రాలు మూసేసింది. అందులో ఒక కమిటీ మాదే. మంచి మనసుతోనే పూశాం. బయటికి దారి లేక నీళ్ళు లోపలికి తిరిగాయి, రేకును తిన్నాయి.

పని ఇలా చేశాం. అద్దాలు తీసి, పాత రబ్బరు ఊడదీశాం. తీగ బ్రష్‌తో తుప్పు గీకి, రంధ్రాలు తెరిచి, రెడ్ ఆక్సైడ్ కొట్టాం. పుదుపేటలో కొలత ముక్క చూపించి కొత్త ఛానల్ రబ్బరు కొన్నాం. మూలల్లో వంచకుండా ఏటవాలుగా కోసి కలిపాం. అద్దం బిగుతుగా ఉంటే గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ స్ప్రే చాలు. తర్వాత పది బకెట్ల నీళ్ళు పోశాం. రంధ్రాల నుంచి నీళ్ళు బయటికి కారాయి, సీటు మీద చుక్క పడలేదు.

మన పెద్దలు తమిళనాట తరతరాలు బతికింది కూడా ఇలాగే అని మాకు తోచింది. బజారు భాషను, బడి భాషను వాళ్ళు ఆపలేదు, ఆపడం సాధ్యమూ కాదు. వచ్చిన దానికి దారి ఇచ్చి, ఇంట్లో తెలుగును తడవకుండా కాచుకున్నారు.

అడుగు రేకు పని, ఎఫ్.సి. పని ఇంకా ఉన్నాయి. ఖర్చు లెక్క రాసి నోటీసు బోర్డులో పెడతాం. వచ్చే సర్వసభ్య సమావేశం దాకా బండిని అమ్మకుండా ఉంచండి, అందరూ వచ్చి చూసి చెప్పండి. హాజరు పుస్తకాలు ఆరబెట్టాం. సిరా కొంత పోయింది. మీ పిల్లల పేరు ఎవరైనా గుర్తుపడితే వచ్చి మళ్ళీ రాయండి.

తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తప్పులుంటే దిద్దండి.