వెలుగు పంచినవాడు

కల్లు పొంగించే ఈస్టు మా సైదాబాదువారికి పాత చుట్టమే. అందులో ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుందో తెలుసుకోవడానికి ఒకప్పుడు కణాలను చితక్కొట్టి పరీక్షించేవారు. 1962లో షిమొమురా జెల్లీచేపలో గమనించిన ఆకుపచ్చ ప్రోటీను ఆ అవసరాన్ని తప్పించింది.

దాని జన్యుక్రమాన్ని 1992లో డగ్లస్ ప్రాషర్ వెల్లడించాడు. నిధులు అందక పని విరమిస్తూ, అడిగిన చాల్ఫీ, సియెన్‌లకు ఆ జన్యువును పంపాడు. 1994లో చాల్ఫీ దానిని బాక్టీరియాలోను, నులిపురుగులోను వెలిగించాడు. ఈస్టులో గాలక్టోజు జన్యువు మీటకు దానిని జతచేస్తే, గ్లూకోజులో కణం చీకటి, గాలక్టోజులో వెలుగు. 2003 నాటికి నాలుగు వేలకు పైగా ఈస్టు ప్రోటీన్లకు ఈ దీపం తగిలించారు.

2008 నోబెల్ షిమొమురా, చాల్ఫీ, సియెన్‌లకు దక్కింది. అప్పటికి ప్రాషర్ అలబామాలో కార్ల దుకాణపు వ్యాను నడుపుతున్నాడు. చాల్ఫీ, సియెన్ తమ ఖర్చుతో అతనిని స్టాక్‌హోముకు రప్పించారు. వారి కృతజ్ఞత కూడా ఈ చరిత్రలో భాగమే.