గుణింతం, ఒత్తులు, తెర: తొలి తెలుగు చదువులో కంప్యూటర్ చేయగల పని

బడిపిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 10.3 శాతం. తెలంగాణలో 5.2 శాతం. కరోనాకు ముందు, 2018లో, ఇవే అంకెలు 22.6, 18.1. బడులు మూతపడిన కాలం పిల్లల చదువును దెబ్బతీసిందన్నది కాదనలేని మాట. అయితే 2018లో దేశ సగటు 27.3 శాతం. అంటే మహమ్మారి రాకముందే మన రెండు రాష్ట్రాల పిల్లలు చదవడంలో వెనకబడి ఉన్నారు. 2021 జూలై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, మరుసటి ఏడాది తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన తొలిమెట్టు ఈ లోటును పూడ్చడానికి వచ్చిన కార్యక్రమాలే.

ఇదే సమయంలో చిన్నపిల్లలకు తెలుగు నేర్పే వెబ్‌సైట్లు, యాప్‌లు, వీడియోలు లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు దగ్గర మొదలై ఱ దగ్గర ముగుస్తాయి. బొమ్మ తాకితే శబ్దం వస్తుంది, సరైన జవాబుకు చప్పట్లు వినిపిస్తాయి. పిల్లలు నిజంగా ఆగిపోయేది మాత్రం వర్ణమాల దగ్గర కాదు, ఆ తర్వాత. కంప్యూటర్ బాగా సాయపడగలిగిన చోటు కూడా అదే. దాన్ని మనం ఇంకా సరిగా వాడుకోలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పిల్లలు ఆగిపోయే చోటు

ఇంగ్లీషు నేర్చే పిల్లలకు ఇరవై ఆరు అక్షరాలు వచ్చాయంటే రాతలో ఎదురయ్యే గుర్తులన్నీ దాదాపు వచ్చినట్టే. ఆ తర్వాతి కష్టం స్పెల్లింగులది. తెలుగులో యాభై ఆరక్షరాలు వచ్చినా కళ్ల ముందున్న పుట ఇంకా కొత్తగానే ఉంటుంది. ఒక్కో హల్లుకు పన్నెండు గుణింత రూపాలు చొప్పున లెక్కేసినా నాలుగు వందలు దాటుతాయి. వాటిపైన ద్విత్వాలు, సంయుక్తాలు. ఇంగ్లీషు అక్షరాల యాప్‌లను చూసి తెలుగు యాప్‌లు తయారుచేయడంలోని మౌలిక లోపం ఇక్కడే ఉంది.

సొనాలీ నాగ్ కన్నడ పిల్లలపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మనకు బాగా దగ్గరిది. అక్షరాల మీద పట్టు రావడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని, అక్షరంలోని విడి ధ్వనుల మీద ఎరుక కూడా నెమ్మదిగానే వస్తుందని ఆమె చూపారు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. గుణింతం, ఒత్తుల పద్ధతి రెండింటిలోనూ ఒకటే. కాబట్టి ఒకటో తరగతి చివరికి అక్షరాలు అయిపోయాయి అనుకోవడం మన పిల్లల విషయంలోనూ సరికాదు.

‘స్నేహం’ అన్న మాటను ఒకటో తరగతి పిల్ల చదువుతున్నప్పుడు గమనించండి. చాలాసార్లు ‘సే... నే...’ అని ఆగుతుంది. ఆ పిల్ల నిర్లక్ష్యం వల్ల వచ్చిన తప్పు కాదది. కంటికి ముందు కనిపించేది స, దాని తలపై ఏత్వం. ఆ తర్వాతే కింద న ఒత్తు. కన్ను చూసిన వరుసలోనే నోరు పలికింది. కానీ ఇక్కడ ఏత్వం స మీద కూర్చున్నా దాని ధ్వని న తర్వాత వినపడాలి. ‘మేస్త్రి’లో గుడి స మీద ఉంది, వినపడేది ర తర్వాత. చూసే వరుస వేరు, పలికే వరుస వేరు. ఈ మెలిక ఎవరూ విప్పి చెప్పకుండానే కొందరు పిల్లలు పట్టేస్తారు. మిగతావారు మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తారు. వీరే మూడో తరగతిలో కొత్త పాఠం ముందు నిలబడిపోతారు.

ఒత్తుల రూపం ఇంకో చిక్కు. గ, చ, ద వంటివి తలకట్టు తీసేస్తే ఒత్తులవుతాయి గనక పోలిక దొరుకుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు మూలాక్షరంతో పోలిక ఉండదు. తెలుగులో అడుగడుగునా తగిలేవి ఇవే. ఇక చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండే మ, వు జంట సంగతి బడిలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

యంత్రానికి ముందే తెలిసిన వరుస

కంప్యూటర్‌కు ఇక్కడ ఒక అరుదైన వీలుంది. యూనికోడ్‌లో ‘స్నేహం’ నిల్వ ఉండే వరుస ఇది: స, పొల్లు, న, ఏత్వం, హ, సున్న. అంటే తెర మీద ఏత్వం స నెత్తిన కనిపిస్తున్నా, యంత్రం జ్ఞాపకంలో అది న తర్వాతే ఉంటుంది. నోటి వరుసే యంత్రం వరుస. తెర మీదికి వచ్చేటప్పుడు మాత్రమే ఫాంటు దాన్ని మన లిపి మర్యాదకు తగ్గట్టు పేర్చి చూపిస్తుంది. పిల్లలకు అర్థంకాని ఆ మెలిక యంత్రానికి ముందే విప్పి ఉందన్నమాట. సైటు తయారుచేసేవారు దాన్ని పిల్లల కళ్లకు కనిపించేలా చేస్తే చాలు. మాటను తాకగానే స్ వెలిగి పలకాలి, తర్వాత న ఒత్తు, ఆ తర్వాత ఏత్వం. మూడూ కలిసి ‘స్నే’ అని వినపడాలి. నల్లబల్ల మీద ఉపాధ్యాయురాలు వేలితో చూపించి చెప్పేది ఇదే. ముప్పైమంది పిల్లల్లో ఒక్కొక్కరికీ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూపించే ఓపిక మాత్రం యంత్రానిది.

ఇప్పుడున్న సచిత్ర కథల వీడియోల్లో చదువుతున్న మాట మొత్తం రంగు మారుతుంది. ధారాళంగా చదవడం నేర్పడానికి అది మంచిదే. మాట లోపల ఏం జరుగుతోందో అది చెప్పదు.

రూపం మీద కూడా శ్రద్ధ కావాలి. ఇంగ్లీషు కోసం లెక్కగట్టిన వరుసల ఎడంలో తెలుగు పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి, లేదా కింది వరుస గుడులతో కలిసిపోతాయి. పెద్దవాళ్లం అలవాటు మీద చదివేస్తాం. అక్షరం నేర్చేవారికి తెగిన ఒత్తు అంటే లేని ఒత్తే. చిన్న ఫోన్లలో కి, కీ తేడా చెరిగిపోయే ఫాంట్లను పిల్లల పాఠాలకు వాడకూడదు. సంయుక్తాలను తెర మీద పేర్చడం ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ రూపం ఒకటి సందేశంలో వస్తే ఐఫోన్లు స్తంభించిపోయాయి. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

పక్కన ఎవరున్నారు?

పాఠం ఎంత బాగా తయారైనా దాన్ని పిల్ల ఒంటరిగా చూస్తే ఫలితం ఏమిటి? ఫిన్లండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ అనే అక్షరధ్వనుల ఆట అనేక భాషల్లోకి వెళ్లింది. దాని మీద జరిగిన 28 అధ్యయనాలను మెక్‌టీగ్, ఆమె సహపరిశోధకులు 2020లో కలిపి పరిశీలించారు. పదాలు చదవడంపై మొత్తమ్మీద ప్రభావం దాదాపు సున్నా. పెద్దల తోడు ఎక్కువగా ఉన్న అధ్యయనాలను మాత్రం విడదీసి చూస్తే ప్రభావ పరిమాణం 0.48 తేలింది. విద్యా పరిశోధనలో అది చిన్న అంకె కాదు. ఆట అదే. తేడా అంతా పక్కన కూర్చున్న మనిషిది.

మన దేశంలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. గుజరాత్‌లోని జ్ఞాన్‌శాల బడుల్లో లిండెన్ చేసిన 2008 అధ్యయనంలో, టీచర్ చెప్పే సమయాన్ని తీసేసి కంప్యూటర్‌కు ఇచ్చినచోట పిల్లలు వెనకబడ్డారు. బడి వేళల తర్వాత అదనంగా వాడినచోట ముందుకు వెళ్లారు. అది లెక్కలకు సంబంధించిన పరిశోధన, పైగా మరో భాషా ప్రాంతానిది. అయినా రెండో, మూడో తరగతి పిల్లల చేత కంప్యూటర్ పట్టించేవారెవరూ దాన్ని పక్కన పెట్టలేరు.

ఎలక్ట్రానిక్ కథల పుస్తకాలపై టకాచ్, స్వార్ట్, బస్ 2015లో ప్రచురించిన సమీక్ష 43 అధ్యయనాలను, 2,147 మంది పిల్లలను లెక్కలోకి తీసుకుంది. కథకు తగిన కదలిక, సంగీతం, శబ్దం కథను అర్థం చేసుకోవడానికి తోడ్పడ్డాయి. కథ మధ్యలో నొక్కితే గంతులేసే బొమ్మలు, ఆటలు తోడ్పడలేదు. మన సైట్లలో ఎక్కువ ఖర్చు పెడుతున్నది ఈ రెండోరకం మీదేనని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

పిల్ల చదువుతుంటే విని సరిదిద్దే యాప్‌లు మరో మెట్టు. 2019లో గూగుల్ బోలోగా వచ్చి, మరుసటి ఏడాది రీడ్ అలాంగ్ పేరుతో తెలుగు సహా తొమ్మిది భాషల్లో అందిన యాప్ ఇలాంటిదే. బిగ్గరగా చదివించడం అన్నది మంచి సూత్రం. ఇలాంటి యంత్రాలు తయారుచేసేవారు మాత్రం ఒక సంగతి మరవకూడదు. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే కరీంనగర్ పిల్ల ‘వచ్చిండు’ అని చదవవచ్చు. ఆ పిల్ల అక్షరాలు చదివింది, అర్థం చేసుకుంది, తన ఇంటి తెలుగులోకి మార్చుకుంది కూడా. చదవడంలో అంతకన్నా మంచి గుర్తు లేదు. మంచి ఉపాధ్యాయుడు అక్కడ ఆపడు. యంత్రం దాన్ని తప్పుగా లెక్కేస్తే పిల్ల నేర్చుకునేది చదువు కాదు, తన మాట మీద సిగ్గు.

రాయడం విషయంలో నా అభిప్రాయం గట్టిది: చిన్నపిల్లల చేత తెలుగు టైపు చేయించకూడదు. జేమ్స్, ఎంగెల్‌హార్ట్ 2012లో ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో చేసిన పరిశోధనలో, అక్షరాన్ని స్వయంగా చేత్తో రాసిన తర్వాతే మెదడులో చదువుకు సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. టైపు చేసినా, గీతల మీద దిద్దినా ఆ ఫలితం రాలేదు. తెర మీద చుక్కలు కలిపే ఆట పలకకు బదులు కాదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డులైతే ఇంకా నష్టం. ఇంగ్లీషు ఎం రెండుసార్లు కొట్టి ‘అమ్మ’ తెచ్చుకున్న పిల్లకు మ కింద మ ఒత్తు సంగతి తెలియనవసరం లేకుండా పోతుంది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులు వారానికోసారి. మిగతా రోజుల్లో ఆ పిల్లలకు వీధిలో తెలుగు బోర్డు కనిపించదు. తెరే వారి తెలుగు వీధి. అది ఇంగ్లీషు కీబోర్డు మీదుగా రాకుండా చూడటం తల్లిదండ్రుల చేతిలో పని.

చదవడానికి ఏముంది అన్న ప్రశ్నకు ఇప్పుడు మంచి జవాబు ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో, మొదటి స్థాయిలో 250 మాటల లోపు, ఉచితంగా దొరుకుతాయి. సార్వజనీన లైసెన్సు కింద ఉన్నందున ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, తమ ప్రాంతపు మాటల్లోకి మార్చుకోవచ్చు. గోండి పిల్లల కోసం కథలూ అందులో చేరాయి. బడిలో ఒక్క కంప్యూటరే ఉందని బాధపడే ఉపాధ్యాయులకు నేను చెప్పేది ఇదే. దాన్ని ప్రింటర్‌కు కలపండి. వారానికో కథ ప్రతి పిల్ల చేతికీ కాగితం మీద ఇవ్వండి. తెర ముందు ఒక్కరిని కాకుండా ఇద్దరిని కూర్చోబెట్టండి, వాళ్లు మాట్లాడుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, అయిదేళ్ల లోపు వారికి రోజుకు గంట దాటకూడదని భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో చెప్పింది. మన పాఠానికి అంత సమయం కూడా అక్కర్లేదు. పది నిమిషాలు తెర, తర్వాత పలక, తర్వాత కాగితం మీది కథ.

తెలుగు సైట్లు, యాప్‌లు తయారుచేస్తున్నవారికి ఒక విన్నపం. వర్ణమాల పాఠాలు చాలినన్ని ఉన్నాయి. ఇకమీదట చేసేది ఏదైనా ఒత్తుల దగ్గర మొదలుపెట్టండి. త, న, మ, య, ర, ల ఒత్తులతో మొదటి పాఠం చేయండి. ప్రతి మాటను పలికే వరుసలో విప్పి చూపించండి. విడుదల చేయకముందు దాన్ని ఒక ప్రభుత్వ పాఠశాల ఒకటో తరగతికి తీసుకెళ్లి, అక్కడి ఉపాధ్యాయురాలిని పక్కన కూర్చోమని అడగండి.