ఇల్లు ఉద్దానంలో, కూలి ఊరవతల

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలో ఇళ్ల చరిత్ర, పనుల చరిత్ర ఒకే దారిలో నడవలేదు. పని దొరికిన చోట మనిషి ఇల్లు కట్టుకోవడం లోకంలో మామూలు. ఉద్దానం మనిషి మాత్రం పనికి ఒకచోటికి పోయాడు, ఇల్లు ఇంకోచోట కట్టాడు. రంగూన్ కూలి, ఖరగ్‌పూర్ జీతం, గల్ఫ్ నుంచి వచ్చిన డ్రాఫ్టు ఇక్కడి గోడలు లేపాయి. ఈ పల్లెల్లో ఎన్ని ఇళ్లున్నాయో లెక్క తీస్తే, ఇక్కడి సంపాదన కంటే బయటి ఊళ్లలో దొరికిన కూలి ఎక్కువగా కనిపిస్తుంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల తోటల నేలను ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని చెబుతారు. తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి కొండలు. మధ్యనున్న సన్నటి నేలలో కొబ్బరి, జీడి, పనస పండుతాయి. ఆ నేల గుండానే రైలు మార్గం, పాత అయిదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి వెళ్తాయి. కంచిలి ఈ రెంటి మీదా ఉంది. అక్కడి రైల్వేస్టేషన్‌కు మాత్రం పక్క ఊరైన సోంపేట పేరే ఉంది. ఊరు విడిచి వెళ్లే కూలీలకు చాలా ఏళ్లుగా అదే గుమ్మం.

పాత ఇళ్లు ఇక్కడి నేల ఇచ్చిన సరుకుతోనే నిలిచాయి. ఉత్తరాంధ్ర తీరమంతటా మత్స్యకారులు చుట్టిళ్లు కట్టుకునేవారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద దాదాపు నేలదాకా దిగిన తాటికమ్మల కప్పు. గాలి ఎటునుంచి కొట్టినా నిలువు గోడకు తగలక పక్కకు జారిపోతుంది. తుపాను తీరంలో తరతరాలుగా నేర్చుకున్న కట్టుబడి అది. లోపలి పల్లెల్లో ఒకరి గోడకు ఇంకొకరి గోడ ఆనుకుని వరుసగా సాగే ఇళ్లు ఎక్కువ. వీధివైపు వెడల్పు తక్కువ, వెనక్కి పొడవు ఎక్కువ. అరుగు, నడవ, వంటిల్లు, పెరడు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కమ్మలు తోటలో దొరికేవి కానీ దూలాలకు, వాసాలకు అడవికి పోవాల్సిందే. ఆ అడవి జమీందారుది. మందస జమీందారీలో రైతులు కలప తెచ్చుకునే హక్కు కోసం పట్టుబట్టిన పోరాటం 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులదాకా వెళ్లింది. ఆ పోరాటంలో నిలిచిన వీరగున్నమ్మ ప్రాణం పోయింది అక్కడే. సొంత ఇంటి కప్పు నిలబెట్టుకోవడానికి కూడా ఎస్టేటు అనుమతి కావాల్సిన కాలం అది. ఆ సంఘటనకు కొద్ది రోజుల ముందు, మార్చిలోనే, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది.

మనుషులు ఊళ్లు దాటడానికి దారి తెరిచినవి ఓడ, రైలు. బారువ, కళింగపట్నం రేవుల నుంచి, ఎగువన గోపాలపురం నుంచి కూలీలు బర్మాకు ఓడెక్కేవారు. జనం నోట రంగూన్ ‘రంగం’ అయింది. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయుల సంఖ్య 10 లక్షలు దాటింది. రంగూన్ రేవులో సరుకు ఎత్తి దించే పనిలో తెలుగు కూలీలే అధికులు. 1930 మే నెలలో ఆ రేవు పని గురించే బర్మీయులకు, తెలుగువారికి మధ్య గొడవలు చెలరేగి ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షల మంది కాలినడకన, దొరికిన పడవల మీద వెనక్కి వచ్చారు. రంగం డబ్బుతో పెంకు వేసుకున్న కుటుంబాలకు ఆ ఇళ్లే మిగిలాయి, డబ్బు వచ్చే దారి ఆగిపోయింది.

రైలు 1890లలో వచ్చింది. కటకం నుంచి బెజవాడ వరకు ఈస్ట్ కోస్ట్ మార్గాన్ని 1893–96 మధ్య వేశారు. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. పలాస, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ పట్టాల మీదకు రావడంతో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఈ జిల్లా మనుషులు వందలుగా చేరారు. ఆ పట్నంలో తెలుగు పేటలు అలా ఏర్పడినవే. రైలు ఇక్కడి పల్లెలకు పరిశ్రమ తెచ్చిన దానికన్నా ఇక్కడి మనుషుల్ని పరిశ్రమ దగ్గరికి చేర్చిందే ఎక్కువ.

సరిహద్దు కూడా ఈ ప్రాంతానికి కలిసిరాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా అటు పోయింది, దక్షిణాన ఉన్న తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. బరంపురం దగ్గరి పట్నమే అయినా పరాయి రాష్ట్రంలో ఉండిపోయింది. ఇటు జిల్లా కేంద్రం దూరం, విశాఖ ఇంకా దూరం. తర్వాతి దశాబ్దాల్లో జిల్లాకు వచ్చిన పెద్ద ఫ్యాక్టరీలు దక్షిణపు అంచున, విశాఖకు దగ్గరైన పైడిభీమవరంలోనే ఆగాయి. మందుల కంపెనీలకు కావలసిన రేవు, విమానాశ్రయం, ఇంజనీర్లు విశాఖలో ఉన్నప్పుడు ఇంకా వంద కిలోమీటర్లు ఉత్తరానికి రావడానికి వాటికి కారణం లేదు.

ఉద్దానంలో తనంతట తాను ఎదిగిన పరిశ్రమ జీడిపప్పు. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టు ఇసుక నేలలో బాగా నాటుకుంది. పిక్కలు చుట్టుపక్కల తోటల్లో, కొండదిగువన, ఒడిశా పల్లెల్లో దొరుకుతాయి. పప్పు పంపడానికి పలాసలో రైలుంది. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గతో కలిసి ఒకే పట్నమయింది. దశాబ్దాల మీద చిన్నా పెద్దా కలిసి వందల యూనిట్లు వెలిశాయి. 2011 జనగణనలో పలాస–కాశీబుగ్గ జనాభా 57 వేలు దాటింది.

ఈ పని తీరు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పట్నం ఆకారం దాన్నిబట్టే ఏర్పడింది. 80 కిలోల బస్తాల్లో వచ్చిన పిక్కల్ని ముందు ఆరబెడతారు, తర్వాత ఆవిరిలో ఉడికిస్తారు. చల్లారాక కటింగ్ మిషను దగ్గర ఆడమనిషి కూర్చుంటుంది. కాలితో తొక్కుతూ, చేత్తో పిక్కను కత్తుల మధ్య నిలిపి, ఒక్క ఒత్తుకు రెండు చెక్కలు చేసి పప్పు తీస్తుంది. చెక్క నుంచి కారే జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. అందుకే వేళ్లకు ఆముదమో బూడిదో పూసుకుంటారు. అయినా ఏళ్ల తరబడి పనిచేసిన చేతులకు ఆ నలుపు వదలదు. పప్పు ఆరిన తర్వాత పొర తీయాలి. గోటితో, చిన్న కత్తితో విరగకుండా తీస్తేనే గుండు పప్పు, విరిగితే బద్ద. రెండింటి ధరకూ చాలా తేడా. లాభం ఆ వేళ్ల నేర్పులో ఉంది. పొర తీసే పని చాలాకాలం ఇళ్లలోనే, అరుగుల మీదే సాగింది. ఇల్లే కార్ఖానాలో ఒక గది అయింది. యూనిట్లు పెరిగేకొద్దీ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తెల్లవారుజామునే ఆటోల్లో పట్నానికి వచ్చి సాయంత్రం తిరిగి పోవడం అలవాటయింది. కూలి పెద్దది కాదు కాబట్టి పలాసలో అద్దె కట్టి ఉండటం కుదరదు. పట్నంలో కొత్త మేడలు వ్యాపారులవి, ఉద్యోగులవి అయ్యాయి. పప్పు కొట్టే మనిషి ఇల్లు పల్లెలోనే ఉండిపోయింది.

వ్యాపారాలు ఊరు ఎందుకు మారతాయో తెలుసుకోవడానికి జీడిపప్పుకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కేరళలోని కొల్లం ఒకప్పుడు ఈ వ్యాపారానికి రాజధాని. అక్కడ కనీస వేతనం అమలు గట్టిపడ్డాక యజమానులు సరిహద్దు దాటి తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాకు పని తరలించారు. మూతబడిన ఫ్యాక్టరీల కార్మికులను ఆదుకోవడానికి కేరళ ప్రభుత్వం 1969లో జీడిపప్పు అభివృద్ధి కార్పొరేషన్ పెట్టింది. పప్పు తీసే పనికి భారీ యంత్రాలు అక్కర్లేదు. షెడ్డు, బాయిలర్, చేతులు ఉంటే చాలు, ఎక్కడికైనా పోవచ్చు. పలాసకు ఆ ముప్పు రాకుండా కాసింది దగ్గరున్న పిక్క. అయితే ఇక్కడి పంట యూనిట్లకు సరిపోక ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి చేసుకోవడం పెరిగింది. ఓడ మీద వచ్చే పిక్క ఏ రేవు దగ్గరైనా దిగుతుంది. అప్పుడు ఉద్దానం తోటలు పక్కనే ఉండటం వల్ల వచ్చిన మేలు తగ్గిపోతుంది. పలాసలో పరిశ్రమ నిలబడిందంటే ఆడవాళ్ల వేళ్ల నేర్పు వల్ల, తరాలుగా అల్లుకున్న కొనుగోలుదారుల వల్ల. ఆ నేర్పుకు దక్కిన కూలి మాత్రం ఎప్పుడూ దానికి తగ్గది కాదు.

టెక్కలి కథ వేరు. అక్కడి కొండల్లో నీలి రంగు గ్రానైట్ ఉంది. అది కదలదు కాబట్టి వ్యాపారమే కదిలివచ్చింది. క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు టెక్కలి, నౌపడ చుట్టూ పెరిగాయి, బ్లాకులు విదేశాలకు పోయాయి. నౌపడకు అంతకుముందే ఉప్పు కొటార్లు, 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు ఉన్నాయి. రాయి పని నేర్చిన వాళ్లు చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చి షెడ్లలోనే ఉండటంతో, ఊళ్లలో ఇళ్లకు పెద్ద గిరాకీ రాలేదు.

2010 ప్రాంతంలో తీరానికి రాబోయిన పరిశ్రమ థర్మల్ విద్యుత్. సోంపేట బీల నేలల్లో ఒకటి, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో ఇంకొకటి. బీల, తంపర రెండూ తడినేలలే; వాటి మీద బతికే రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పని లేని ప్రాంతం పరిశ్రమను వద్దనడం బయటివారికి వింతగా తోచింది. బీలలో చేప, గడ్డి, వరి అప్పటికే వేల కుటుంబాలకు పని ఇస్తున్నాయి. ప్రభుత్వ రికార్డులో అది ఖాళీ నేల, ఊరివాళ్లకు అదే కూలి చోటు. వాళ్ల లెక్కే సరైనది.

ఇళ్ల రూపాన్ని మార్చినవి ప్రభుత్వ పథకాలు, తుపానులు. 1985–86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన, 2006 నాటి ఇందిరమ్మ, తర్వాతి పథకాలు పల్లెల్లో శ్లాబు ఇల్లు మామూలు చేశాయి. 2013 అక్టోబరులో ఫైలిన్, మరుసటి ఏడు హుద్‌హుద్ వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు మండల తీరాన్ని గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో తాకింది. శ్లాబులు నిలిచాయి, రేకులు ఎగిరిపోయాయి, లక్షల కొబ్బరి, జీడి చెట్లు కూలాయి. ఇల్లు కూలితే ఏడాదిలో లేస్తుంది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. తోటలో పని పోయిన కుర్రాళ్లు ఊరు విడిచారు. ఇల్లు మిగిలి ఇంటి మనిషి పోవడం ఆ తుపాను చేసిన అసలు నష్టం.

జనగణన అంకెల్లో ఇదంతా కనిపిస్తుంది. 2001 నుంచి 2011 వరకు శ్రీకాకుళం జిల్లా జనాభా 6.5 శాతమే పెరిగింది. వెయ్యి మంది పురుషులకు 1,015 మంది స్త్రీలు లెక్కకొచ్చారు. అదే జనగణనలో దేశం మొత్తంలో 33 కోట్ల కట్టడాల్లో దాదాపు రెండున్నర కోట్లు ఖాళీగా తేలాయి. ఉద్దానం పల్లెల్లో తాళం వేసిన గుమ్మాలు ఆ జాబితాలోవే. పండక్కి తెరుచుకుంటాయి, మళ్లీ మూసుకుంటాయి. 2020 వేసవిలో కరోనా మూసివేతలు వచ్చినప్పుడు హైదరాబాదు, చెన్నై నుంచి, గుజరాత్ రేవుల నుంచి మనుషులు తిరిగివచ్చి ఆ ఇళ్లన్నీ ఒక్కసారిగా నిండాయి. ఇల్లు నిండింది కానీ పని లేదు. రైళ్లు నడవగానే మళ్లీ వెళ్లిపోయారు. ఉద్దానాన్ని పట్టిన కిడ్నీ జబ్బు కూడా సంపాదించే వయసు మనిషినే దెబ్బతీసి, కట్టిన ఇంటిని వైద్యానికి తాకట్టు పెట్టించింది.

2014 విభజన తర్వాత వెనకబడిన ఏడు జిల్లాల్లో శ్రీకాకుళాన్ని చేర్చి జిల్లాకు ఏటా 50 కోట్ల రూపాయల లెక్కన కేంద్రం కొన్నేళ్లు సాయం ఇచ్చింది, కొత్త ఫ్యాక్టరీల యంత్రాలపై పెట్టుబడికి ఆదాయపు పన్నులో అదనపు మినహాయింపు కూడా ఇచ్చింది. పన్ను తగ్గింపుతో ఉద్దానానికి తరలివచ్చిన పెద్ద కంపెనీ లేదు. నీరు, రేవు, నేర్పుగల పనివాళ్లు కలిసి దొరికే చోటునే వ్యాపారం చూస్తుంది. 2022 ఏప్రిల్‌లో పలాస రెవెన్యూ డివిజన్ అయింది. 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, ఉద్దానం మంచినీటి పథకం మొదలయ్యాయి. నర్సులు, టెక్నీషియన్లు, ఆఫీసు సిబ్బంది చేరడంతో పలాసలో నెల జీతపు అద్దెదారులు పెరిగారు.

సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. గ్రానైట్ బ్లాకులు విశాఖ, చెన్నై దాకా పోనక్కర్లేకుండా, ఆఫ్రికా పిక్కలు ఇక్కడే దిగేలా చేయగల రేవు అది. పోర్టు కోసం విష్ణుచక్రం, మూలపేట గ్రామాల కుటుంబాలు ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది, నౌపడ దగ్గర వారికి పునరావాస కాలనీ తలపెట్టారు. ఈ తీరంలో వందేళ్లుగా ఇళ్లు ఉన్నచోటే ఉండి మనుషులు కదిలారు. పని దగ్గరికొచ్చి ఊరికి ఊరే లేచి పోవలసి రావడం ఇక్కడ కొత్త.