వడ్డీ కాదు, ముందుగాల బ్యాంకు పానం సూడుండ్రి

మొన్న పత్తి అమ్మిన పైసలొచ్చినయి. మా బాపు ఓ ప్రైవేటు బ్యాంకుల ఫిక్స్‌డ్ జేస్తనన్నడు. "ఆడ వడ్డీ ఒక శాతం ఎక్కువిస్తున్నరురా" అన్నడు. అవి అక్క పెండ్లి పైసలు. "జెర ఆగు బాపు" అని ఆ బ్యాంకు లెక్కలు ముందలేసుకున్న. ఏమేం జూసిన్నో మీకు గూడ చెప్త.

ఎందుకు సూడాలె? సికింద్రాబాద్‌ల పెద్దాఫీసు ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద 2004 జులైల మారటోరియం పడ్డది. ఖాతాల ఎంతున్నా పది వేలే తీసుకోమన్నరు. 2020 మార్చిల యెస్ బ్యాంకుకు గదే గతి, 50 వేలే. అదే ఏడు నవంబర్‌ల లక్ష్మీ విలాస్ బ్యాంకు, 25 వేలే. తర్వాత డిపాజిట్లు దక్కినయి గనీ, ఆ దినాలల్ల పెండ్లో దవాఖానో ఉన్నోళ్ల గోస ఎట్లుంటదో సోచాయించుండ్రి.

ఒకటి, మొండి బాకీలు. మామూలుగ కిస్తు 90 దినాలు దాటినా కట్టకుంటే ఆ అప్పును ఎన్‌పీఏ అంటరు. నష్టానికని పక్కకు పెట్టిన పైసలు తీసేస్తే మిగిలేది నెట్ ఎన్‌పీఏ. అది 6 శాతం తాకితే రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడ్తది. ఒక్కసారి అంకె సూసి ఊకోవద్దు, నాలుగైదు త్రైమాసికాలది వరుసగ సూడాలె.

రెండు, మూలధనం. దెబ్బ తగిలితే తట్టుకునే సొంత పైస ఇది. రిస్కు లెక్కగట్టిన ప్రతి వంద రూపాయలకు 11.5 రూపాయలన్న ఉండాలె.

మూడు, కాసా. అంటే సేవింగ్స్, కరెంటు ఖాతాలల్ల ఉన్న అగ్గువ పైస. ఇది తక్కువున్న బ్యాంకు ఎక్కువ వడ్డీ ఆశజూపి డిపాజిట్లు గుంజాల్సొస్తది. ఆ వడ్డీ గట్టనీకి రిస్కున్నోళ్లకు అప్పులిచ్చుడు మొదలైతది.

నాలుగు, లెక్కలు టైముకు చెప్తున్నరా లేదా. యెస్ బ్యాంకు 2019 డిసెంబర్ త్రైమాసికం ఫలితాలను వాయిదా ఏసింది. మారటోరియం పడ్డంక బయటవెడితే గ్రాస్ ఎన్‌పీఏ 18.87 శాతం తేలింది. ఆలస్యమే ఓ గుర్తు.

ఇవన్నీ బ్యాంకు వెబ్‌సైట్ల, త్రైమాసిక ఫలితాలల్ల దొరుకుతయి. షేరు ధర జూసి మాత్రం నమ్మొద్దు.

ఆఖరుకు బీమా. ఒక మనిషికి ఒక బ్యాంకుల, అన్ని బ్రాంచీలు గలిపి, అసలూ మిత్తీ గలిపి 5 లక్షల దాంక పూచీ ఉంటది. చిట్టీలకు ఈ పూచీ లేదు.

బాపు చెప్పిన బ్యాంకుల మూలధనం మంచిగనే ఉన్నది. నెట్ ఎన్‌పీఏ మాత్రం మూడు త్రైమాసికాల నుంచి పెరుగుకుంటనే వస్తున్నది. అందుకే పైసలు రెండు వేరే బ్యాంకులల్ల, ఒక్కోదాంట్ల 5 లక్షల లోపే ఏసినం. వడ్డీ కొంచెం తగ్గింది. బాపు కంటినిండ నిద్రపోతున్నడు.