అన్నమయ్య మాటకు బాణీ కట్టిందెవరు? ర్యాప్‌లో సొంతదనం చర్చకు తిరుపతి సాక్ష్యం

2025 మే నెలలో ఒక తమిళ సినిమా పాట మీద తిరుపతిలో పెద్ద గొడవ లేచింది. సంతానం నటించిన ‘డీడీ నెక్స్ట్ లెవెల్’ సినిమాలోని ‘కిస్సా 47’ పాటలో గోవింద నామాలను వాడారన్నది అభ్యంతరం. టీటీడీ పాలకమండలి సభ్యుడు భానుప్రకాశ్ రెడ్డి చిత్ర బృందానికి నోటీసు పంపారు. పాట తీసేయాలన్నారు, 100 కోట్ల రూపాయల పరిహారం అడిగారు. విడుదలకు ముందే చిత్ర బృందం వెనక్కి తగ్గి, వివాదాస్పద భాగాన్ని తొలగించింది.

ఆ సినిమాకు సంగీతం ఇచ్చింది ఆఫ్రో. 2019లో ర్యాపర్ అరివుతో కలిసి ‘తెరుక్కురల్’ ఆల్బం చేసిన కళాకారుడు. కులాన్నీ అధికారాన్నీ నేరుగా నిలదీస్తూ, సినిమా పాట నీడలో కాకుండా సొంతంగా నిలబడిన తమిళ హిప్‌హాప్ పాయ అది. అలాంటి ప్రత్యామ్నాయ హిప్‌హాప్ నుంచి వచ్చిన మనిషి చేసిన పాట తిరుమల కొండ శబ్దాన్ని తాకేసరికి, మన దగ్గర చర్చ రెండు ముక్కల్లో తేలిపోయింది. ‘మన సొత్తు ఎత్తుకుపోయి పాడుచేశారు’ అని ఒక పక్షం. ‘పాతకాలపు భక్తి పాట అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు’ అని రెండో పక్షం.

దొరికిన సాక్ష్యాన్ని బట్టి చూస్తే రెండు వాదాలూ ఒకే చోట తప్పుతున్నాయని నాకనిపిస్తోంది. పాటను విడదీయరాని ఒకే వస్తువుగా రెండూ చూస్తున్నాయి. ర్యాప్ తయారయ్యేది అలా కాదు. మాట ఒకచోటి నుంచి, తాళం మరోచోటి నుంచి, గొంతు ఇంకోచోటి నుంచి తెచ్చి కలుపుతారు. ఎవరి నుంచి ఏది వచ్చిందన్న లెక్క ఆ పొరల వారీగానే తేలుతుంది. ఆ లెక్క తేల్చడానికి అన్నమాచార్య సంకీర్తనలంత మంచి ఉదాహరణ మన ప్రాంతంలో మరొకటి లేదు.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. నోటీసులోని ఫిర్యాదు అపచారం గురించి, దొంగతనం గురించి కాదు. నడకదారిలో జనం నోట నలిగే గోవింద నామాల విషయంలో ‘నా పాట తీసుకున్నారు’ అని ముందుకొచ్చిన కర్త ఎవరూ లేరు. 2022 జులైలో గాయని శ్రావణ భార్గవి ‘ఒకపరి ఒకపరి’ సంకీర్తనకు చేసిన వీడియో మీద రేగిన వివాదమూ ఇదే కోవది. అన్నమాచార్య వంశీకులు అభ్యంతరం చెప్పింది చిత్రీకరణ మీద. చివరకు ఆమె వెనక్కి తగ్గారు. భక్తుల మనసు నొచ్చుకోవడం నిజమైన విషయమే, దాన్ని తేలిక చేయకూడదు. కానీ అది సొంతదనం ప్రశ్నకు జవాబు కాదు. రెండింటినీ కలిపేస్తే ఏదీ తేలదు.

అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పోయారు. ముప్పైరెండు వేల సంకీర్తనలు రాశారని మనుమడు చిన్నన్న ద్విపద చెబుతోంది. దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికినవైనా మిగిలాయంటే కారణం కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించడం. తిరుమల ఆలయంలో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న అరలో, సంకీర్తన భాండాగారంలో, ఆ రేకులు శతాబ్దాలు మూలపడి ఉండి 20వ శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించారు.

ఒక రేకును దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాట మొదట్లో రాగం పేరు ఉంటుంది: సామంతం, పాడి, బౌళి, ముఖారి, ఆహిరి, అలా. కింద పల్లవి, చరణాలు, విరామం లేకుండా సాగే తెలుగు లిపి. అంతే. సంకీర్తనకు స్వరలిపి లేదు. పైగా ఐదు వందల ఏళ్లలో రాగాల స్వరూపాలే మారాయి. అప్పటి రాగం పేరు ఇప్పటి రాగం పేరుతో ఒకటైనంత మాత్రాన పాడే తీరు ఒకటే అనుకోవడానికి లేదు. కాబట్టి ఈ రోజు మనం వింటున్న బాణీల్లో అన్నమయ్య నోట పలికినవి ఇవీ అని రేకుల ఆధారంగా చూపించలేం. గురుశిష్య పరంపరలోనో భజన గోష్ఠుల్లోనో కొన్ని వరసలు నిలిచి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయను. కానీ కచేరీల్లో, రికార్డుల్లో పేరు పొందిన వరసల్లో చాలావాటికి స్వరకర్తలు మనకు తెలిసిన మనుషులే.

రాళ్లపల్లి నూటికి పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టారు. ‘నానాటి బదుకు’ను మనం రేవతి రాగంలో వింటున్నామంటే అది నేదునూరి కృష్ణమూర్తి చలవ. 1978లో మొదలైన టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ ఆరు వందలకు పైగా పాటలకు బాణీలు కట్టి, వాటిని తన గొంతుతో ఊరూరా తిప్పారు. ఆయన 2025 మార్చిలో కన్నుమూశారు. తిరుపతిలో తెల్లవారుజామున మైకులో వినిపించే ‘అన్నమయ్య పాట’లో మాట 15వ శతాబ్దానిది, వరస చాలాసార్లు మన తాతల కాలానిదో తండ్రుల కాలానిదో.

ఇది తెలిశాక రెండు పక్షాల వాదమూ సడలుతుంది. ర్యాపర్ ఒక సంకీర్తన బాణీని ముక్కలు చేస్తే ‘అన్నమయ్య మూలాన్ని చెడగొట్టాడు’ అనడానికి ఆధారం తక్కువ. చెడితే చెడింది గరిమెళ్ల వారిదో నేదునూరి వారిదో కావచ్చు. ‘ఐదు వందల ఏళ్ల పాట, ఎవరి అనుమతీ అక్కర్లేదు’ అనే ర్యాపర్ కూడా అదే మనుషులను చెరిపేస్తున్నాడు.

చట్టం ఈ పొరలను విడివిడిగానే చూస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం వేరు, సంగీతం వేరు, రికార్డింగ్ వేరు. సాహిత్యానికీ సంగీతానికీ కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల రక్షణ. అన్నమయ్య మాటలకు ఆ అడ్డు లేదు. రాళ్లపల్లి 1979లో పోయారు కాబట్టి ఆయన బాణీలకు 2039 చివరి దాకా రక్షణ ఉంటుంది. నేదునూరి 2014లో పోయారు, కనుక 2074 చివరి దాకా. అదే లెక్కన గరిమెళ్ల బాణీలకు 2085 చివరి దాకా. ఆ హక్కు కర్త వారసులదా, ఉద్యోగమిచ్చిన సంస్థదా అన్నది ఒప్పందాలను బట్టి ఉంటుంది.  రికార్డింగ్‌కు వేరే గడువు, ప్రచురించిన మరుసటి ఏడు నుంచి 60 ఏళ్లు. 1979లో వచ్చిన క్యాసెట్ నుంచి నాలుగు సెకన్ల గొంతు తీసుకుని బీట్ మీద తిప్పితే ఆ రికార్డింగ్ హక్కు కూడా ప్రశ్నలోకి వస్తుంది. అదే పల్లవిని కొత్త వరసలో తనే పాడుకుంటే హక్కుల లెక్క పూర్తిగా మారిపోతుంది.

అమెరికాలో ఈ పాఠం ఖరీదుగా నేర్చుకున్నారు. 1989లో డి లా సోల్ బృందం తొలి ఆల్బం ఎన్నో పాత రికార్డుల అతుకులతో ప్రత్యామ్నాయ హిప్‌హాప్‌కు దారి చూపింది. టర్టిల్స్ బృందం పాట ముక్క వాడినందుకు దావా ఎదుర్కొంది. శాంపిళ్ల అనుమతుల చిక్కుల వల్ల ఆ ఆల్బం 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేకపోయింది. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యాయమూర్తి ఏకంగా దొంగిలించరాదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టారు. కానీ హిప్‌హాప్ లోపలి నీతి చట్టం కంటే సూక్ష్మమైంది. పాత రికార్డును కొత్తగా వినిపించేలా తిప్పడం అక్కడ నైపుణ్యం. తోటి ర్యాపర్ ఫ్లోనో పంక్తినో ఎత్తేయడం సిగ్గుచేటు.

ఆ సున్నితత్వం అన్నమయ్యకూ ఉంది. తన పాటలను అనుకరించేవాళ్లను ఈసడిస్తూ ఆయనే ఒక సంకీర్తన రాశారు. ప్రతి పాటలో వేంకటేశ ముద్ర ఉన్నా ఆ బెడద తప్పలేదన్నమాట. అయితే ఆయనా శూన్యం నుంచి మొదలుపెట్టలేదు. జాజర, సువ్వి, ఉయ్యాల, లాలి, తుమ్మెద వంటి జనం పాటల మట్లను సంకీర్తనలోకి తెచ్చుకున్నారు. జానపదుల నుంచి తీసుకున్నది, తన నుంచి ఇతరులు తీసుకున్నది ఆయన దృష్టిలో ఒకటి కాదని అనుకోవాలి. ఎందుకు కాదో ఆయన చెప్పింది మన దాకా చేరలేదు. సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణ గ్రంథం పోయింది, మరో మనుమడు చిన తిరుమలాచార్యుల తెలుగు సేతే మిగిలింది.

పోలికను ప్రభావంగా లెక్కేయడంలో ఉన్న ప్రమాదం కూడా ఇక్కడే బాగా తెలుస్తుంది. అన్నమయ్య, కన్నడ వాగ్గేయకారుడు పురందరదాసుల పాటల్లో దగ్గరి పోలికలను పండితులు చూపించారు. ఇద్దరూ కలుసుకున్నారని చిన్నన్న ద్విపద ఆధారంగా చెబుతారు. పురందరదాసు పుట్టింది 1484 అన్న సంప్రదాయాన్ని ఒప్పుకుంటే, అన్నమయ్య పోయేనాటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. కలయిక అసాధ్యం కాదు. కానీ పెద్దాయన నుంచి చిన్నవాడికి పల్లవి చేరిందనడానికి ఆ తేదీలు చాలవు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భజన పరిభాష కూడా అలాంటి పోలికను పుట్టించగలదు.

మన కాలంలో ఈ పొరపాటుకు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వేదికవుతోంది. జాతరలో వేషం కట్టినవాళ్లకు ఎదుటివాళ్లను బూతులు తిట్టే చనువు ఉంటుంది. దాన్ని చూపించి ‘ర్యాప్ బ్యాటిల్ మన దగ్గరే ఉంది’ అనాలన్న ఉత్సాహం అర్థం చేసుకోదగ్గదే. కానీ ర్యాప్ తిట్ల పోటీకి అమెరికా నల్లజాతి వీధుల్లో ‘డజన్స్’ అనే ఆట రూపంలో దగ్గరి పూర్వికుడు కనిపిస్తున్నాడు. గంగమ్మ వేషానికీ దానికీ మధ్య రాకపోకల ఆనవాలు లేదు. రెండూ వేర్వేరుగా పుట్టిన పోలికలనడమే న్యాయం. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ సంగతి వేరు. కథ ఇక్కడిది, జాతర పేరు తెరమీదే ఉంది, హీరో కట్టింది ఆడవేషం. అక్కడ ప్రభావాన్ని ఊహించనక్కర్లేదు, సినిమానే ఒప్పుకుంది. రాజకుమారి పేరుతో ర్యాప్ చేసే శ్వేతా ఎల్లాప్రగడ రావు విషయమూ అంతే. కాలిఫోర్నియాలో తెలుగింట పుట్టి, కూచిపూడి నేర్చుకున్న ఆమె తన ఫ్లోలో శాస్త్రీయ లయ ఉందని తనే చెబుతుంది. ఆమె మాట, ఆమె శిక్షణ, వినిపించే జతుల నడక మూడూ కలుస్తున్నాయి కాబట్టి ఆ ప్రభావాన్ని గట్టిగానే నమ్మవచ్చు.

పేరు చెరిగిపోతే ఏమవుతుందో అరివు ఉదంతం చూపింది. రేణిగుంట నుంచి రైలెక్కితే కాసేపట్లో వచ్చే అరక్కోణం ఆయన ఊరు. 2021 మార్చిలో గాయని ధీతో కలిసి పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’లో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన తన అవ్వ వళ్లియమ్మాళ్ బతుకునూ ఒప్పారి శోకాన్నీ పాటగా మలిచారు. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉన్నా ఆయన లేరు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ వేదిక మీద ఆ పాట ఆయన లేకుండానే వినిపించింది. పాట తన శ్రమ అని అరివు రాశారు. స్వరకర్త సంతోష్ నారాయణన్ తన వాటా వివరించారు. ఎవరి వాటా ఎంతో బయటివాళ్లం తేల్చలేం. పాట పుట్టిన రోజే ఎవరేం చేశారో రాసిపెట్టి ఉంటే అంత వేదన ఉండేది కాదని మాత్రం చెప్పవచ్చు.

మన దగ్గర ఆ పని ఇంకా చేయవచ్చు. సంకీర్తన వీడియోల కింద ‘రచన: అన్నమాచార్య’ అన్నదొక్కటే కనిపించే చోట్లు చాలా ఉన్నాయి. టీటీడీ ఒక పట్టిక తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టాలని నా విన్నపం. రేకు మీద ఉన్న రాగం, ఇప్పుడు పాడే రాగం, బాణీ కట్టినవారి పేరు, తొలి రికార్డింగ్ సంవత్సరం: ప్రతి పాటకూ ఈ నాలుగు గడులు. అది చేతిలో ఉంటే తిరుపతిలో గదిలో కూర్చుని బీట్ కట్టే కుర్రవాడికి ఏది స్వేచ్ఛగా వాడుకోవచ్చో, దేనికి అనుమతి అడగాలో, ఎవరి పేరు వేయాలో పని మొదలుపెట్టకముందే తెలుస్తుంది.