కత్తెర, కాగితం, జిగురు: అతుకు చిత్రకళా ప్రస్థానం

చిత్రరచనకు కుంచె, వర్ణాలు, కాన్వాసు తప్పనిసరి అన్న అభిప్రాయం సమాజంలో బలంగా నాటుకొని ఉంది. ఆ ఖరీదైన సామగ్రి అందుబాటులో లేక తమలోని కళాభిరుచిని అణచుకొన్నవారు ఎందరో! అయితే కళాచరిత్రను పరిశీలిస్తే పాత వార్తాపత్రిక, రంగుకాగితం, కత్తెర, కాసింత జిగురు ఆలంబనగా గొప్ప కళాకారులు సైతం ఉత్తమ సృష్టి చేశారన్న సత్యం గోచరిస్తుంది. ఆ ప్రక్రియయే ‘కొలాజ్’. అతికించడం అనే అర్థమిచ్చే ఫ్రెంచి పదం దీనికి మూలం.

కాగితాన్ని కత్తిరించి అతికించే వేడుక ఈ పేరు కంటే ప్రాచీనమైనది. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే వితంతువు 1772లో, తన 72వ ఏట, రంగుకాగితాల ముక్కలతో పుష్పచిత్రాలు కూర్చనారంభించింది. పదేళ్లలో దాదాపు 985 చిత్రాలు పూర్తిచేసింది. 1782 నాటికి చూపు మందగించడంతో ఆ కృషి ఆగిపోయింది. అవి నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు ముద్రిత వస్త్రాన్నీ, గోడకాగితాన్నీ తమ చిత్రాలలో అతికించడంతో, కాలక్షేపంగా భావింపబడిన ఈ పని ఆధునిక కళారంగంలో గౌరవస్థానం పొందింది.

భారతదేశానికి కూడా ఈ కౌశలం కొత్తది కాదు. మొగలాయి చక్రవర్తుల కాలంలో సూక్ష్మచిత్రాలను, సుందర లేఖనాలను అందమైన అంచులుగల పత్రాలపై అతికించి ‘మురక్కా’ అనే సంపుటాలుగా కూర్చేవారు. మథుర, బృందావన ప్రాంతాలలో కాగితాన్ని అతిసూక్ష్మంగా కత్తిరించి, ఆ అచ్చులపై రంగుపొడులు చల్లి కృష్ణలీలలను రూపొందించే ‘సాంఝీ’ కళ నేటికీ సజీవంగా ఉంది. వంగదేశంలో అవనీంద్రనాథ ఠాకూరు (1871-1951) తన చివరి దశలో రామాయణ కథను ‘ఖుద్దూర్ జాత్రా’ పేరిట వ్రాసి, ఆ వ్రాతప్రతి పుటలను పత్రికలలోని బొమ్మలతో, వ్యాపార ప్రకటనల ముక్కలతో అలంకరించారు. పురాణపాత్రల సరసన సమకాలీన ప్రకటనలు చేరి చమత్కారాన్ని పండించాయి.

ఈ చరిత్రలో అత్యంత ప్రేరణాత్మకమైన అధ్యాయం వినోద్ బిహారీ ముఖర్జీది. 1904లో జన్మించిన ఆయనకు బాల్యం నుండీ ఒక కన్ను కనబడదు. రెండవ కంటిచూపూ అంతంతమాత్రమే. అయినా 1919లో శాంతినికేతనంలోని కళాభవనంలో చేరి, నందలాల్ బోసు శిష్యుడై, అనంతరం అక్కడే అధ్యాపకుడయ్యారు. 1946-47లో హిందీ భవనం గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను మహాకుడ్యచిత్రంగా మలిచారు. 1950లలో జరిగిన నేత్ర శస్త్రచికిత్స విఫలం కావడంతో మిగిలిన ఆ కొద్దిపాటి చూపు కూడా పూర్తిగా పోయింది.

వర్ణమే జీవితమైన వ్యక్తికి ఇంతకు మించిన విపత్తు లేదు. తడి రంగు ఎక్కడ పడిందో అంధుని వ్రేళ్లకు తెలియదు. కాని కాగితపు అంచు తెలుస్తుంది. దాని మడత, వంపు, కొస తెలుస్తాయి. రంగు ఏదో చెప్పడానికి ప్రక్కన ఒకరుంటే చాలు. మేరీ డెలానీ కృషి చూపుతో పాటు ముగియగా, వినోద్ బిహారీ కాగితపు చిత్రాలు చూపు పోయిన పిమ్మటనే వికసించాయి. రంగుకాగితాలు, పత్రికల ముక్కలు ఆయన చేతిలో కూర్చున్న స్త్రీలుగా, పండ్లుగా, విశ్రమించే మనుషులుగా రూపొందాయి. కళాభవనానికి తిరిగివచ్చి ఆయన కళాచరిత్రను బోధించారు. 1972లో అక్కడి గోడపై పింగాణీ పలకలతో మరొక కుడ్యచిత్రం నిర్మించారు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ అదే సంవత్సరం ‘ది ఇన్నర్ ఐ’ అనే లఘుచిత్రంలో ఆ జీవితాన్ని చూపించారు. 1974లో పద్మవిభూషణ్ పురస్కారం పొందిన ముఖర్జీ 1980లో పరమపదించారు.

ఆయన వద్ద విద్యనభ్యసించిన కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో అధ్యాపకులై, మెదక్ ప్రాంతానికి చెందిన కె. లక్ష్మా గౌడ్ వంటి తెలుగు కళాకారులకు గురువయ్యారు. సామాన్య వస్తువులను చిన్నచూపు చూడని దృష్టి ఆ పరంపరలో భాగమే.

ఈ కళకు కావలసిన సామగ్రి ప్రతి ఇంటిలోను ఉంటుంది. గత సంవత్సరపు క్యాలెండరు, పాత పెండ్లి శుభలేఖలు, గాలిపటాల కాగితం, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, బట్టల దుకాణపు అట్టపెట్టె చాలు. మైదాపిండిని నీటిలో కలిపి సన్నని సెగపై ఉడికిస్తే జిగురు సిద్ధమవుతుంది. తుమ్మజిగురు కూడా పనికివస్తుంది. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు మైదాజిగురులో కలిపే మైలుతుత్తం విషపదార్థం గనుక పిల్లల చేతికి ఇవ్వరాదు. వార్తాపత్రిక కాగితం కాలక్రమాన పసుపుబారుతుంది. కావున చిరకాలం నిలువవలసిన చిత్రానికి దళసరి, నాణ్యమైన కాగితం ఎంచుకోవడం మేలు. ముక్కలను ముందుగా అతికించక, అట్టపై పేర్చి, జరిపి, సరిచూచుకొన్న తరువాతనే జిగురు పూయాలి. రంగు వేసిన తరువాత దిద్దుబాటు కష్టం. ఇక్కడ ముక్కను జరిపితే సరిపోతుంది. నేర్చుకొనేవారికి ఇంతటి సహనం చూపే గురువు అరుదు.

వినోద్ బిహారీ కాగితపు చిత్రాలు 2017లో డాక్యుమెంటా అంతర్జాతీయ ప్రదర్శనలో చోటుచేసుకొన్నాయి. చూడలేని చేతులు కత్తిరించిన ఆ ముక్కల ముందు, సామగ్రి లేదనో సదుపాయం లేదనో వెనుకాడే మాట నిలువజాలదు. ఇంటి మూలలో చేరిన పాత కాగితాల కట్ట చిత్తు కాదు, ఇంకా ఆరంభం కాని చిత్రం.